పంటు జీవరాజు

జీవరాజుగారు కోటిపల్లి రేవులో పాతికేళ్ళు పంటు మెకానిక్. రెండు పడవలు జోడించి, మీద బల్లలు పరిచి, మోటారుసైకిళ్ళనీ గేదెలనీ పెళ్ళివారినీ ఒకేసారి గోదావరి దాటించే ఆ పంటు ఇంజను ఆయన చేతిలో ఏనాడూ మొరాయించలేదు. అందుకే మా అంతరిక్ష నౌకలోకి తీసుకున్నారు. అదీ అలాంటిదే. రెండు పొట్టలు, మధ్యలో డెక్కు. సిలిండర్లు పేరిస్తే లారీ, కుర్చీలు బిగిస్తే బస్సు, అవి పీకి మంచాలు బిగిస్తే ఆసుపత్రి. కాగితాల్లో దానికి బారెడు పేరుంది. ఆయన "పంటు" అన్నారు, మేమూ అదే అన్నాం.

డెక్కు మీద ఏది ఎక్కడ బిగించాలో చెప్పేది నేను, రామచంద్రపురం కృపారాణిని. నాకు నోటి దురుసెక్కువ. బోల్టు వంకరగా పడితే అరిచేదాన్ని. ఆయన "అలాగేనమ్మా" అని మళ్ళీ విప్పేవారు. ఆదివారం ప్రార్థన వేళ మాత్రం నా కేకలు వినేవారు కాదు. "దేవుడి దగ్గర మీ అరుపులు చెల్లవమ్మా" అనేవారు.

ఆ రోజు ఒక అంతరిక్ష స్టేషన్‌లో పేలుడు జరిగింది. కాలినవాళ్ళను పదకొండు మందిని డెక్కు మీద మంచాలకు కట్టి బయల్దేరాం. దారిలో మా ఎడమ పొట్టకు నిప్పంటుకుంది. ఇంధనంలో సగం అందులోనే ఉంది. డెక్కుకు పట్టి ఉంచే కొక్కేలు మూడూ తీసి దాన్ని వదిలెయ్యాలి. జీవరాజుగారు ఆ పొట్టలోకెళ్ళి రెండింటిని చేత్తో తీసి వచ్చేస్తే, మూడోది మేం ఇవతలి నుంచి స్విచ్చితో తీస్తాం. డెక్కుకూ పొట్టకూ మధ్యనున్న తలుపు మూశాకే అది తియ్యాలి. లేకపోతే డెక్కు మీది గాలంతా పోతుంది.

ఆయన వెళ్ళి రెండూ తీశారు. మైకులో గొంతు వినిపించింది.

"స్విచ్చి వైరు కాలిపోయిందమ్మా. మూడోది కూడా ఇక్కణ్ణించే తియ్యాలి. మరి వస్తానమ్మా."

మా కెప్టెన్‌కు తెలుగు రాదు. మేం మాట్లాడేది ఒక యంత్రం ఆయన భాషలోకి మార్చి తెర మీద వేస్తుంది. అది చదివి ఆయన ఊపిరి పీల్చుకున్నాడు. "వస్తానంటున్నాడు, తలుపు మూయకండి" అన్నాడు.

మా వైపు గడప దాటేవాడు వెళ్తానని అనడు, వస్తానంటాడు. అది నాకు తెలుసు, ఆ దిక్కుమాలిన యంత్రానికి తెలియదు. తలుపు మూస్తే గాని జీవరాజుగారు కొక్కెం తియ్యరు. ఆయన వస్తే గాని కెప్టెన్ తలుపు మూయడు. నేను రెండు నిమిషాలు నోరెత్తలేదు. యంత్రం చెప్పిందే నిజం కావాలనుకున్నాను. సిగ్గుగా ఉంది, అయినా చెబుతున్నాను. ఈలోగా పొగ డెక్కు మీదికొచ్చింది. ఒక మంచం మీద ముసలావిడ దగ్గి దగ్గి ప్రాణం విడిచింది.

"ఆయన రారు సార్. తలుపు వేసెయ్యండి" అన్నాను.

తలుపు పడింది. కాసేపటికి కొక్కెం ఊడిన కుదుపు తెలిసింది. మిగిలిన పది మందీ బతికారు. విచారణ రిపోర్టులో "తిరిగి వస్తానని తెలిపి రాలేదు" అని రాశారు. ఎంత మొత్తుకున్నా ఆ ముక్క మార్చలేదు.

తరువాత నేను వాళ్ళింటికి వెళ్తే, జీవరాజుగారి భార్య బేబిగారు నన్ను కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి, ఆఖరున ఏమన్నారని అడిగారు.

"మరి వస్తానన్నారండి."

ఆవిడకు విడమరిచి చెప్పనక్కర్లేకపోయింది. కాసేపు కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. తరువాత "మరి మీరేమన్నారమ్మా?" అన్నారు.

వస్తానన్నవాళ్ళకు మంచిదండి అని చెప్పాలి. మా ఊళ్ళో మాటలొచ్చిన ప్రతి పిల్లా చెబుతుంది. ఆ రెండు నిమిషాలూ మైకు నా చేతిలోనే ఉంది.

"ఏమీ అనలేదండి" అన్నాను.