టీచర్ మెడలో మైకు

డ్రెస్డెన్ హాస్టల్ వంటింట్లో ఎవరి మిక్సీ అయినా టక్కున ఆగితే నేను ఇప్పటికీ తలెత్తి చూస్తాను, అమ్మ ఏదో చెప్పబోతోందని.

చిన్నప్పుడు, జర్మనీలోనే వాల్డార్ఫ్ అనే ఊళ్ళో నేను ఒకటో తరగతి. నాకు చెవులు బాగానే వినిపించేవి గానీ, గోలలో మాటలు అర్థమయ్యేవి కావు. అందుకే టీచర్ మెడలో చిన్న మైకు, ఆ మాట నేరుగా వినపడేలా నా చెవుల్లో రిసీవర్లు పెట్టారు.

ఒకరోజు అమ్మానాన్నలు నా చదువు గురించి మాట్లాడడానికి బడికి వస్తే, టీచర్ మైకు ఆపడం మర్చిపోయి బయటికెళ్ళింది. తలుపు మూసే ఉంది. క్లాసంతా గోల. హఠాత్తుగా నా చెవిలో అమ్మ గొంతు!

"ఏమండీ, రెండు భాషలతో పిల్ల తికమకపడుతోందేమో, ఇకనుంచి దీంతో తెలుగులో మాట్లాడకూడదేమో. మానేద్దామా?"

అమ్మ నాతో మాట్లాడడమే మానేస్తుందనుకున్నాను. ఎప్పుడూ జర్మన్‌లోనే జవాబిచ్చే నేను తలుపు తోసుకుని వెళ్ళి, "వద్దమ్మా, మాట్లాడు!" అని తెలుగులో అరిచాను. అమ్మ నిర్ఘాంతపోయింది. టీచర్ చెయ్యి గబుక్కున మైకు మీదికి పోయింది.

ఆ సాయంత్రం అమ్మ కొబ్బరి పచ్చడి మధ్యలో మిక్సీ ఆపి, నా ఎదురుగా కూర్చుని, "ఇవాళ బళ్ళో ఏం తిన్నావే?" అంది, తెలుగులోనే.

అప్పట్లో అమ్మకొచ్చిన జర్మన్ రొట్టె కొనడానికీ, డాక్టర్ దగ్గర టెర్మిన్, అదే అపాయింట్‌మెంట్, అడగడానికీ మాత్రమే సరిపోయేది. తెలుగు మానేసి ఉంటే, నేను భయపడ్డదే నిజమయ్యేది.