ఆముదం తాగిన క్లచ్

అరవయ్యో దశకం చివర తార్నాకలో అద్దెకుంటూ విశ్వవిద్యాలయంలో ఫిజిక్సు చెప్పేవాణ్ణి. నా అభిమాన పాఠం ఘర్షణ. బోర్డు మీద దాన్ని ఎంతో సులువుగా తగ్గించేసేవాణ్ణి.

నాకో పాత మోటారుసైకిలుండేది. ఎడమచేతి కింద క్లచ్ పిడి. నొక్కితే గొట్టంలోని తీగ ఇంజను దాకా ఆ కబురు మోసుకెళ్లేది. వదిలితే బండి కదిలేది. ఆ తీగకు అప్పుడప్పుడు నూనె పట్టించమన్నాడు మెకానిక్. ఏ నూనె అని అడగలేదు. పాఠాలు చెప్పేవాడికి అడిగే అలవాటుండదు కదా. మా గోదావరి వైపు ఎడ్లబండి ఇరుసుకైనా పసిపిల్లల మాడుకైనా ఒకటే నూనె. మా ఆవిడ తలకు రాసుకునే ఆముదం తీసి పోశాను. పిడి బరువెక్కినప్పుడల్లా ఇంకాస్త పోశాను. ఆముదానికి దుమ్ము తోడైంది.

ఆ ఎండాకాలం మా ఆవిడ ఎం.ఏ. ఆఖరి పరీక్ష. పదింటికి హాల్లో లేకపోతే ఏడాది పోయినట్టే. "నేను దింపుతాగా" అన్నాను గొప్పగా. నన్ను నమ్మి బస్సు వదిలేసింది. తొమ్మిదిన్నరకు గేరు వేసి పిడి వదిలాను. ఇంజను గాండ్రించింది, బండి మాత్రం కదల్లేదు. కంగారుపడి ఆపేశాను.

చౌరస్తా దాకా నేను బండి తోస్తుంటే, ఆమె కలాలు పట్టుకుని వెనకే నడిచింది. ఒక్క రిక్షా కనిపించలేదు. వేపచెట్టు కింద మెకానిక్ తీగ చివర వాసన చూశాడు.

"ఏంది సార్, క్లచ్‌కు తలంటు వోసిన్రా?"

"కాస్త ఆముదం..."

"గందుకే మంచిగ నిద్రవోయింది."

మా ఆవిడ నావైపు చూసింది. "సీసా ఖాళీ అవుతుంటే, మీకు బట్టతల భయం పట్టుకుందేమో అనుకున్నానండీ!"

"కడగాల్నంటే గంట వడ్తది. అమ్మకు టైమ్ లేదు కదా, గిట్లనే వోండ్రి. తీగ తెగలే, జర సుస్తయింది. పిడి వదిలినంక నాలుగు లెక్కవెట్టుండ్రి. అదే కదుల్తది," అన్నాడు మెకానిక్.

ఆమె వెనక కూర్చుని లెక్కపెట్టింది. "ఒకటి, రెండు, మూడు, నాలుగు!" బండి ఉలిక్కిపడి కదిలింది. గేరు మార్చినప్పుడల్లా మళ్లీ ఒకటి నుంచి. క్యాంపస్‌లో సైకిళ్ల మీద వెళ్తున్న నా విద్యార్థుల్లో ఒకడు, "సార్‌కు మేడమ్ ఒంట్లు నేర్పుతున్నదిరా!" అని కేకేశాడు. పదికి మూడు నిమిషాలుండగా హాలు ముందు దింపాను. ఆమె వెనక్కి చూడకుండా పరిగెత్తింది.

నాకు నేనే లెక్కపెట్టుకుంటూ చౌరస్తాకు తిరిగొచ్చాను. మెకానిక్ తీగతో సహా గొట్టాన్ని విప్పి వేపకొమ్మకు వేలాడదీశాడు. "కాయిదం ఉన్నదా సార్?" అన్నాడు. సంచీలో నా ఘర్షణ నోట్సు తప్ప ఏమీ లేదు. ఒక పేజీని గరాటులా చుట్టి, గొట్టం మూతికి దారంతో కట్టి, కిరసనాయిలు పోశాడు. అడుగు నుంచి నల్లటి జిడ్డు చుక్కలుగా రాలింది. తర్వాత పలుచటి ఇంజనాయిలు. నా నోట్సు వల్ల ఎక్కడైనా ఘర్షణ తగ్గడం నేను కళ్లారా చూసింది అదే మొదటిసారి.

ఒంటిగంటకు ఆమె బయటికొచ్చింది. అడగడానికి భయమేసింది, అయినా అడిగాను.

"ఎలా రాశావు?"

"మొదటి ప్రశ్న చూడగానే బుర్ర కదల్లేదండీ. కళ్లు మూసుకుని నాలుగు లెక్కపెట్టాను. కదిలింది."

నవ్వుతూ వెనక కూర్చుంది. నేను పిడి వదిలాను. అలవాటుకొద్దీ "ఒకటి" అందో లేదో, బండి ముందుకు దూకింది. రెండుకు బదులు నా చొక్కా పట్టుకుంది.