ఉప్పునీళ్ళ డ్రమ్ము

ప్లాస్టిక్‌కి కూడా కాస్త మర్యాద ఉన్న రోజులవి. విరిగిన బకెట్టును మంచం కింద దాచి, పాత సామాను కొనేవాడి కేక కోసం చెవులు రిక్కించుకుని కూర్చునేవాళ్ళు. ఈమధ్య ఊరి చివర చెత్త వేరుచేసే కేంద్రం ఒకటి చూసొచ్చాను. బెల్టు మీద సీసాలూ డబ్బాలూ పరిగెడుతుంటే పైనుంచి ఏదో వెలుగు పడి, ఏది ఏ రకమో పసిగట్టి, గాలితో ఉఫ్‌మని ఊది పక్కకు తోసేస్తోంది. అక్కడి కుర్ర ఇంజనీరు గర్వంగా చూపిస్తుంటే ఊరుకోలేక, "ఈ విద్యను విశాఖలో మొదలుపెట్టింది నేనే నాయనా" అన్నాను. అతను ఆశ్చర్యపోయాడు. (లేదు. ఎండలో వచ్చినట్టున్నానని మంచినీళ్ళిచ్చి నీడలో కూర్చోబెట్టాడు.)

మా మావయ్యకు ఆనందపురం దగ్గర రోడ్డు పక్కన ప్లాస్టిక్ తుక్కు గొడౌను ఉండేది. డిగ్రీ తప్పి ఇంట్లో పడి ఉన్న నన్ను మా అమ్మ ఆయన దగ్గరికి తోలింది. పాత బకెట్లు, పైపు ముక్కలు, పాటల కేసెట్ల డబ్బాలు, అన్నీ యంత్రంలో వేసి నలగ్గొట్టి, ఆ ముక్కల్ని రకాలుగా విడదీసి బిందెలు చేసే మిల్లుకు పంపడం అక్కడి పని. విడదీయడానికి నీళ్ళతొట్టి చాలు. బకెట్టు ముక్క తేలుతుంది, పైపు ముక్కా కేసెట్ ముక్కా మునుగుతాయి. తేలినదాన్ని తోడి ఆరబెట్టుకోవడమే. పొరపాటున కేసెట్ ముక్కలు కలిశాయంటే మాత్రం ఆ బిందె ఏ ఇల్లాలి నడుం మీదో ఉండగానే పగుల్తుంది. నేనైతే నీళ్ళతో పనిలేకుండా, కళ్ళకు గంతలు కట్టినా వాసన పట్టి రకం చెప్పేవాణ్ణి. (గంతలు కట్టింది మా మరదలు. వదులుగా కట్టింది.)

అసలు నేను ఆ దుమ్ములో నిలబడటానికి కారణం ఆ మరదలే. అది మావయ్యకు తెలియదనుకున్నాను. ఒక పొద్దున్న పిలిచి, "ఒరే అల్లుడా, ఈ లోడు మొత్తం నువ్వే సెయ్యి. బిందెల షావుకారు ఒప్పుకున్నాడా, ఇక్కడే ఉంతావు, పెళ్ళి మాట నానే మీ అమ్మ దగ్గర ఎత్తుతాను. తిప్పికొట్టాడా, బట్టలు సర్దీసుకో" అన్నాడు. మరదలు తలుపు చాటునుంచి, "సంచీ ఇప్పుడే తెచ్చీమంతావా నాన్నా?" అంది.

సరిగ్గా అప్పుడే తొట్టి బీటలిచ్చింది. పెద్ద డ్రమ్ము కోసం జాలరిపేట వెళ్తే, ఎండుచేపలమ్మే ఆవిడ ఒకటి ఇస్తానంది. అందులో ముప్పాతిక వంతు నీళ్ళున్నాయి. మా గొడౌన్లో బోరింగు కొట్టి నీళ్ళు మోయాలంటే నాకు ప్రాణం మీదికొచ్చేది.

"పారబోసీనా బాబూ?" అందావిడ.

"ఉండనియ్యండి."

"సేపలు ఊరబెట్టిన ఉప్పునీల్లు. నీకు దేనికి?"

"నేను ప్లాస్టిక్ ఊరబెడతాను."

మూత బిగించి ట్రాలీ ఆటోలో వేసుకొచ్చాను. ఆ డ్రైవరు దారి పొడుగునా ఏమన్నాడో ఇక్కడ రాయకూడదు.

ఉప్పు ముదిరిన నీటిలో బరువైనవి కూడా తేలతాయని నాకేం తెలుసు. ముక్కలు పోస్తే పైపు ముక్కలు తప్ప అన్నీ పైకొచ్చాయి. నా సరుకు ఇంత శ్రేష్ఠమైనదా అని మురిసిపోయి, తేలినదంతా తోడి గుట్ట పోశాను. వాసనకు ఆనందపురంలో పిల్లులన్నీ వచ్చి గుట్ట చుట్టూ పంక్తి భోజనానికి కూర్చున్నట్టు కూర్చున్నాయి. (ఒకటే పిల్లి. అదీ మాదే.)

బిందెల షావుకారు కృష్ణా జిల్లానుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డ మనిషి. గుప్పెడు ముక్కలు తీసి నా డ్రమ్ములోనే వేసి చేత్తో కలియబెట్టాడు. ఒక్కటీ మునగలేదు. "భేష్" అన్నాడు. నేను మరదలి వైపు చూశాను. ఆ చూసినంతసేపట్లో చిందిన చుక్కేదో ఆయన మీసం మీదనుంచి పెదవి మీదికి జారింది.

"ఏంటయ్యా ఇది, నీళ్ళా, ఊరగాయ జాడీనా?"

బోరింగు నీళ్ళు బకెట్టుతో తెప్పించి, మళ్ళీ గుప్పెడు వేశాడు. సగం బుడుంగుమని అడుక్కి పోయాయి. మావయ్య నాకేసి చూసి, "ఏటి సేసావురా?" అన్నాడు మెల్లగా. ఆయన మెల్లగా మాట్లాడితే అందరికీ భయం. షావుకారు చెప్పులు వెతుక్కుంటున్నాడు.

అప్పుడు మెరిసింది నా బుర్ర. మునిగిన ముక్కల్ని దోసిలితో తోడి ఉప్పు డ్రమ్ములో పోశాను. కేసెట్ ముక్కలన్నీ బుద్ధిగా పైకి తేలాయి. మిగిలిపోయిన పైపు పొట్టు అడుగుకు చేరింది. మంచినీళ్ళలో బకెట్టు, ఉప్పునీళ్ళలో కేసెట్టు, అడుగున పైపు. మూడూ మూడు దారులు పట్టాయి. షావుకారు చెప్పులు వదిలేశాడు. "పెన్నులు చేసే మా బావమరిదికి ఈ కేసెట్ సరుకే కావాలయ్యా. రెండు లోళ్ళూ పంపండి. మా బిందెల సరుకు మాత్రం నాలుగుసార్లు కడిగి పంపండి" అన్నాడు.

(మెరిసింది నా బుర్ర కాదు. ఏడుపు ముఖంతో నిలబడ్డ నన్ను చూసి మా మరదలే ఒళ్ళు మండి, "మునిగినవన్నీ నీ ఉప్పునీల్లల్లోనే పొయ్యి బావ, ఆటెనక నువ్వూ దూకీ" అంది. మొదటి సగం చేశాను.)

మావయ్య మాట తప్పలేదు. పెళ్ళయి ఎన్నేళ్ళయిందో ఆవిడనే అడగాలి. కేంద్రం చూసొచ్చిన సాయంత్రం, పాల కవర్లు కడిగి తాడుకు ఆరేస్తున్న ఆవిడకు ఆ వెలుగు సంగతంతా చేతులు తిప్పుతూ వర్ణించాను.

"ఎలుగు పడితే రకం తెలిసిపోతాదా?" అంది తిరిగి చూడకుండానే. "నీ మీద ఓపాలి ఎయ్యమనకపోయావా బావ."

వెయ్యక్కర్లేదు. నా రకం నాకు తెలుసు. మంచినీళ్ళలో మునిగిపోయే సరుకే. కాస్త ఉప్పు తగలబట్టి ఇన్నాళ్ళూ తేలుతున్నాను.