ఫస్ట్ క్లాస్ డబ్బాలో షేర్వానీ

నిజామాబాదులో ఇనాయత్ దర్జీ చేతికి పెద్ద పేరు. ఆయన కుట్టిన షేర్వానీ తొడిగితే వంగిన నడుము కూడా నిటారుగా కనబడుతుందని చెప్పుకునేవారు. అంతటి మనిషి జన్మలో ఒక్కసారే షేర్వానీ తొడిగాడు. అదీ తనది కాదు.

యాభై ఎనిమిదో సంవత్సరం సంగతి. బోధన్‌లో చెరుకు లారీలు తిప్పే ఎజాజ్ సాబ్ కొడుక్కి ఔరంగాబాదు సంబంధం కుదిరింది. పెళ్లివారి కోసం ఏకంగా ఒక ఫస్ట్ క్లాస్ డబ్బా మాట్లాడారు. అందులో ఇనాయత్‌కు కూడా చోటు దొరికింది. దర్జీకి ఫస్ట్ క్లాస్ ఏమిటంటారా? పెళ్లికి ముందు నెల్లాళ్లు చుట్టాలంతా వరసగా దావతులిచ్చి పెళ్లికొడుకును మేపుతారు. నిఖా నాటికి కుట్టిన షేర్వానీ పొట్ట దగ్గర మొరాయిస్తుంది. అందుకని ఉన్నవాళ్లు దర్జీని కూడా వెంటబెట్టుకు పోయేవారు.

"జర తీరుగ తయారై రా మియా. సాబులు కూసునే డబ్బా అది," అన్నాడు ఎజాజ్ సాబ్.

తీరుగా తయారు కావడానికి ఇనాయత్ దగ్గర ఏముంది? రెండు లుంగీలు, వెలిసిన చొక్కాలు. దుకాణంలో మాత్రం కొక్కేనికి నందిపేట రాజమల్లు సార్ నల్ల షేర్వానీ వేలాడుతోంది. సార్ అక్కడి బడిలో పంతులు. ఉన్న ఒక్క షేర్వానీ మోచేతుల దగ్గర అతుకులు పడితే, ఎన్నాళ్లకో కొత్తది కుట్టించుకుంటున్నాడు. చనిపోయిన తండ్రి వెండి గుండీలు చేతిరుమాలులో మూటగట్టి తెచ్చి ఇచ్చాడు కూడా. మెడ నుంచి మోకాలి దాకా సార్‌వీ ఇనాయత్‌వీ ఒకే కొలతలు. అదే ఇనాయత్ కొంప ముంచింది.

ప్రయాణానికి రెండు రోజుల ముందు సార్ దుకాణానికి వచ్చాడు.

"గుండీలు ఇంక కాలే సార్. సోమారం రాండ్రి, పక్కాగ ఇస్త," అన్నాడు ఇనాయత్. గుండీలన్నీ కుట్టిన షేర్వానీ పరదా వెనకాలే ఉంది.

"రేపటికి కాదా ఇనాయత్ భాయ్? జర పనుండె."

"ఎజాజ్ సాబ్ పని మీద వడ్డది సార్."

సార్ గట్టిగా అడిగే మనిషి కాదు. "సరే తియ్యి, ఏం జేస్తం," అని వెళ్లిపోయాడు. ఏం పని సార్ అని ఒక్కమాట అడగాలని ఇనాయత్‌కు తోచలేదు. అడిగితే ఇవ్వాల్సి వస్తుందేమోనని లోపల భయం కూడా ఉండి ఉంటుంది.

బయలుదేరేనాడు ఇంట్లో భార్య సాలేహా మొహం మాడ్చుకుంది. "పరాయోళ్ల బట్ట తొడుక్కొని పెండ్లికి పోతవా? నాకైతే మంచిగ అనిపిస్తలేదు."

"రెండు దినాలే గదనే. మడత గూడ నలగనియ్య."

ప్రయాణం పోయేవాళ్ల కుడి చేతికి రూపాయి బిళ్లను ఆకుపచ్చ గుడ్డలో చుట్టి కడతారు, ఇమామ్ జామిన్ అని. క్షేమంగా చేరాక విప్పి ఆ బిళ్లను పేదవాళ్లకు ఇవ్వాలి. సాలేహా దాన్ని షేర్వానీ మీదే, భుజం కింద, కోపమంతా ముడిలో పెట్టి బిగించి కట్టింది. "చేరినంక విప్పు. నడుమల విప్పకు," అంది.

ఫస్ట్ క్లాస్ అంటే ఫస్ట్ క్లాసే. కూర్చుంటే కూరుకుపోయే పచ్చ తోలు పరుపులు, నెత్తిన ఫ్యానులు, మొహం కడుక్కునే చోట నిలువుటద్దం. ఇనాయత్ ఆ అద్దం ముందుకు ఎన్నిసార్లు పోయాడో! బయట చెరుకు తోటలు, పసుపు చేలు వెనక్కి పోతున్నాయి. బాసర దగ్గర గోదావరి ఇసుక మేటల నడుమ తళతళలాడింది. ధర్మాబాదు దాటాక నేల నల్లబడి, ఎటు చూసినా పత్తి. కిటికీలోంచి లోకమంతా తన కోసమే పరిచినట్టు కనబడింది. బేరర్ పింగాణీ కప్పులో చాయ్ తెచ్చి "లీజియే హుజూర్" అన్నాడు. కత్తెర పట్టిననాటి నుంచి ఆయన్ను హుజూర్ అన్నవాడు లేడు. ఎరువు సొమ్ము బరువు చేటని పెద్దలు ఊరకే అన్నారా? కానీ ఆ బరువు ఆయనకింకా తెలియలేదు.

నాందేడ్‌లో ఇంజను నీళ్లు పట్టుకోవడానికి బండి చాలాసేపు ఆగింది. ఇనాయత్ హుజూర్ తలుపు దగ్గర నిలబడ్డాడు. వెనక థర్డ్ క్లాస్ డబ్బాల వైపు బ్యాండు మోగుతోంది. ఎవరో మగపెళ్లివారు దిగినట్టున్నారు. ఆడపెళ్లివారు దండలు వేసి వాళ్లను ఇటే నడిపించుకొస్తున్నారు. బాసికం కట్టుకున్న పిల్లాడి పక్కన, మెడలో బంతిపూల దండతో, మోచేతుల దగ్గర అతుకులేసిన పాత షేర్వానీలో పెళ్లికొడుకు తండ్రి.

రాజమల్లు సార్.

ఫస్ట్ క్లాస్ తలుపులో షేర్వానీ కనబడగానే సార్ చెయ్యి పాత అలవాటుకొద్దీ నుదుటి దాకా లేచింది. "ఆదాబ్ సాబ్." చూపు మొహం మీద కాదు, గుండీల మీద పడింది. తండ్రి గుండీలు. ఒక్కటీ తక్కువ కాకుండా అన్నీ కుట్టే ఉన్నాయి. అప్పుడు మొహం చూశాడు. లేచిన చెయ్యి అక్కడే ఆగింది.

ఇనాయత్‌కు తల కొట్టేసినట్టయింది.

"ఎవరు బావా, ఎర్కున్నోళ్లా?" అడిగాడు వియ్యంకుడు.

సార్ "మా నిజామాబాద్ పెద్దమనిషి," అన్నాడు. ఇనాయత్ వైపు తిరిగి, "మంచిగ పోయి రాండ్రి సాబ్," అని, అతుకు కనబడకుండా మోచెయ్యి ఒంటికి ఆనించుకుని నడిచిపోయాడు. ఇన్నేళ్లలో ఆయన ఇనాయత్‌ను భాయ్ అనడమే గాని సాబ్ అన్నది లేదు.

ఇనాయత్ లోపలికి పరిగెత్తి గుండీలు విప్పాడు. బాజాలు ఇంకా స్టేషన్ బయటే వినబడుతున్నాయి. నాలుగంగల్లో అందుకోవచ్చు. ఎడమ చెయ్యి బయటికి వచ్చింది. కుడి చెయ్యి రాలేదు. ఇమామ్ జామిన్ భుజం కింద బిగుసుకుపోయింది. సంచిలోంచి కత్తెర తీసి ముడి మీద పెట్టాడు. పెట్టి ఆగిపోయాడు. నడుమల విప్పకంది సాలేహా. దేవుడి పేరున కట్టిన ముడి. కీడు జరిగితే?

బండి కూత వేసింది. కదిలింది.

ఆ రాత్రీ, ఆ తర్వాతా ఇనాయత్ తనను తాను చాలాసార్లు అడిగాడు, ఆ కత్తెర ఎందుకు ఆగిందని. ముడికి భయపడి కాదు. షేర్వానీ కింద ఉన్నది చిరుగుల బనియను. ఆ సాబులందరి ముందు, ఆ బేరర్ ముందు దానితో నిలబడలేక ఆగింది. నాందేడ్ దాటాక వచ్చిన కొండలు, ఎండిన వాగులు, జొన్న చేలు ఏవీ ఆయనకు కనబడలేదు. అద్దం వైపు మళ్లీ పోలేదు.

తిరిగొచ్చి, షేర్వానీ ఉతికించి ఇస్త్రీ చేయించి, తానే నందిపేట తీసుకుపోయాడు. దారి పొడుగునా క్షమాపణ మాటలు కూడబలుక్కున్నాడు. సార్ షేర్వానీ తొడిగి చూసుకుని, "మంచిగ కుట్టినవ్," అన్నాడు. అంతే. తిట్టి ఉంటే కాళ్ల మీద పడేవాడు. తిట్టలేదు కనుక ఆ మాటలన్నీ మోసుకుని తిరిగొచ్చాడు. ఆ తర్వాత కూడా సార్ బట్టలన్నీ ఇనాయత్ దగ్గరే కుట్టించుకున్నాడు. చెప్పిన రోజుకు ఒకరోజు ముందే అందేవి.

సంవత్సరాలు గడిచాయి. డెబ్బై ఒకటిలో ఇనాయత్ కొడుకు హుసేన్ నిఖా. ఊరందరికీ షేర్వానీలు కుట్టిన తండ్రి తెల్ల చొక్కాతో తిరుగుతున్నాడు. "దర్జీ ఇంట్ల షేర్వానీ కరువా?" అని ఎవరో ఎగతాళి చేశారు.

తివాచీ మీద కూర్చున్న రాజమల్లు సార్ తలెత్తాడు. జుట్టు నెరిసింది. ఒంటి మీద అదే నల్ల షేర్వానీ, అవే వెండి గుండీలు.

"ఏం ఇనాయత్ భాయ్, గుండీలు ఇంక కాలేదా?"

అందరూ గొల్లుమన్నారు. ఇనాయత్ కూడా నవ్వాడు. సార్ పక్కకు జరిగి చోటిచ్చాడు. ఆయన మాటలో ఎత్తిపొడుపు రవ్వంత కూడా లేదు. ఉండి ఉంటే ఇనాయత్ ఆ పూట కొడుకు పెళ్లి అన్నం తినగలిగేవాడు.