కరుణమ్మ టీచరుకి మైకు పెట్టిన రోజు

1970వ సంవత్సరం. తెనాలి రైల్వే స్టేషనుకు దగ్గర్లో నాకు మైకుసెట్ల షాపు ఉండేది. ఇల్లు అంగలకుదురులో. పొద్దున్నే సైకిలు మీద వచ్చి షాపు తీసేవాణ్ణి. పెళ్ళిళ్ళకి, హరికథలకి, క్రిస్మస్ ఆరాధనలకి మా సెట్లు వెళ్ళేవి. అన్నిటికంటే ఎక్కువగా ఎన్నికల సభలకి వెళ్ళేవి. ఇటు బాపట్ల నుంచి అటు రేపల్లె దాకా ఏ పార్టీ సభ జరిగినా, స్టేజీ పక్కన ఆంప్లిఫయరు ముందు స్టూలు వేసుకుని నేను కూర్చుని ఉండేవాణ్ణి.

ఆంప్లిఫయరంటే మైకులోంచి వచ్చే సన్నటి శబ్దాన్ని పెద్దది చేసే పెట్టె. దాన్నుంచి వైర్లు హారన్లకి, అంటే గుంజలకి కట్టే రేకు గరాటాలకి వెళతాయి. చూసేవాళ్ళకి అంతే. కానీ అన్ని పార్టీల ఉపన్యాసాలూ వినే మనిషిని కాబట్టి ఎవరు గెలుస్తారో నాకు ముందే తెలిసిపోతుందని జనం నమ్మకం. టీ తాగడానికి వెళితే చాలు, "ఏం సాంబయ్యా, గాలి ఎటుంది?" అని అడిగేవారు. నేను కూడా ఏదో ఒకటి చెప్పేవాణ్ణి.

ఆ ఏడాది రేపల్లె వైపు ఒక పంచాయతీ సమితికి ప్రెసిడెంటు ఎన్నిక వచ్చింది. సమితంటే ఇప్పటి మండలం లాంటిది. ప్రెసిడెంటుని ఊళ్ళ సర్పంచులు ఎన్నుకునేవారు. ఊరి రోడ్లు, బళ్ళు, మంచినీళ్ళ చెరువులు, పిల్లకాలువల పూడిక, అన్నీ సమితి చేతిలోనే. అక్కడ ఒక పార్టీకి సర్పంచుల బలం బాగా ఉంది. చిక్కల్లా ఆ ఒక్క పార్టీలోనే ముగ్గురు నిలబడతామన్నారు. ముగ్గురూ పోటీకి దిగితే సీటు అవతలివాళ్ళ పాలవుతుంది. అందుకని పార్టీ పెద్దలు, ముందు మన సర్పంచులంతా ఒకచోట కూర్చోండి, ముగ్గురూ మాట్లాడతారు, వినండి, చీటీల మీద ఓట్లేసి ఒకరిని తేల్చుకోండి, తేలినవాళ్ళకే అందరూ పనిచేస్తామని మాటివ్వండి అన్నారు. దగ్గరుండి జరిపించడానికి బాపట్ల నుంచి నరసింహంగారనే పెద్ద ప్లీడర్ని నియమించారు.

రేపల్లెలో స్టేషను ఎదురుగా కోటయ్య హోటలుండేది. ఆ నెలంతా అక్కడ ఇడ్లీల కంటే ఎక్కువగా ఖర్చయింది ఈ చర్చే. నేను పని మీద వెళ్ళినప్పుడల్లా అక్కడే టిఫిను చేసేవాణ్ణి.

"శేషగిరిరావుగారే అవుతారు. రాసుకోండి," అనేవాడు కోటయ్య, పెసరట్టు తిప్పుతూ. "రైసుమిల్లుంది, బలగం ఉంది. ఆయన గొంతు విన్నారా? వీధి చివర మాట్లాడితే ఇక్కడ గ్లాసులు కదులుతాయి."

"కాంట్రాక్టరు మోహనరావు సంగతేంటి మరి?" అనేవాడు ధాన్యం వ్యాపారి వీరయ్య. "రోడ్లన్నీ ఆయనే వేశాడు. ప్రతి ఊళ్ళో నలుగురు మనుషులున్నారు. కుర్రవాడు, ఉషారైనవాడు."

"రోడ్డు వేసినాయన మీద ఆ రోడ్డు మీద నడిచేవాళ్ళకి కోపం ఉండదా, వీరయ్య బాబాయ్?" అని ఎవరో అనగానే అందరూ నవ్వేవారు.

మూడో పేరు ఎవరూ ఎత్తేవారు కాదు. ఒకరోజు నేనే అడిగాను, "కరుణమ్మ టీచరుగారు కూడా ఉన్నారు కదండీ?"

కోటయ్య అట్లకాడ పక్కన పెట్టి నావైపు జాలిగా చూశాడు. "మంచి మనిషే తమ్ముడూ, కాదనను. కానీ ఆడమనిషి. వెనక భూమి లేదు. హరిజన పేటలోంచి వచ్చిన మనిషికి పెద్దరైతులు ఓటేస్తారా? అన్నిటికీ మించి ఆవిడకి గొంతు లేదు. మొదటి బల్లమీద కూర్చున్నవాడికే వినపడదు."

అది నిజమే. కరుణమ్మగారు మిషన్ బడిలో ముప్పై ఏళ్ళు పాఠాలు చెప్పారు. గదికి రెట్టింపు పిల్లల్ని పెట్టుకుని అరిచి అరిచి గొంతు పాడైపోయింది. గట్టిగా మాట్లాడితే మొత్తానికే పోతుందని డాక్టరు చెప్పాడట. రిటైరైన తర్వాత సర్పంచు కావడం కూడా విచిత్రంగానే జరిగింది. సముద్రం వైపు చివరి ఊరు వాళ్ళది. రెండు వర్గాలు కొట్టుకు చస్తుంటే, ఎవరి మనిషీ కాదు కదా అని ఇద్దరూ ఆవిణ్ణి ఒప్పుకున్నారు.

సమావేశానికి స్థలం శేషగిరిరావుగారి మిల్లు గోదాం. ఊళ్ళో అంత పెద్ద చోటు ఇంకొకటి ఖాళీగా లేదు. మైకు పనిని పార్టీ ఆఫీసువాళ్ళు నాకు అప్పజెప్పారు. రెండు రోజుల ముందు గోదాం చూసుకుందామని రేపల్లె ప్యాసింజరెక్కి వెళ్ళాను. శేషగిరిరావుగారు వాకిట్లో పడక్కుర్చీలో ఉన్నారు. నా పెద్ద ఖాతాదారుల్లో ఆయనొకరు. వాళ్ళింట్లో ఏ శుభకార్యమైనా నా సెట్టే.

"ఏమయ్యా సాంబయ్యా, ఆ గోదాంలో మైకెందుకయ్యా? రేకుల కప్పు. గొంతెత్తితే నాలుగు మూలలా వినపడుతుంది."

"మీకు అవసరం లేదండి. మిగిలినవాళ్ళకి కావాలి కదండీ."

ఆయన కుర్చీలో ముందుకు వంగి, "నీ పెట్టె మొరాయించిందనుకో, నిన్నెవరూ ఏమీ అనరు. మిషన్లన్నాక చెడిపోతుంటాయి. వచ్చే నెల మా అమ్మాయి పెళ్ళి. పందిరి నిండా హారన్లు కావాలి," అన్నారు. గొంతులో బెదిరింపు లేదు. మామూలుగా, పనివాడికి పని చెప్పినట్టు చెప్పారు.

నేను చేతులు కట్టుకుని నిలబడ్డాను. ఆ షాపు మీదే మా ఇల్లు గడిచేది. అయినా నోటికి వచ్చింది ఒకటే. "నేను పెట్టిన మైకు పని చేస్తుందండి. ముగ్గురికీ ఒకేలా చేస్తుంది. చెయ్యకూడదంటే ఆ మాట ఆఫీసువాళ్ళకి ఇవాళే చెప్పి వేరేవాళ్ళని చూసుకోమంటాను."

ఆయన నన్ను ఎగాదిగా చూసి, "సరే, నీ ఇష్టం," అన్నారు. గోదాం తాళం ఇప్పించారు.

లోపలికి వెళ్ళి చప్పట్లు కొట్టి చూశాను. ఒక్క చప్పటకి పది ప్రతిధ్వనులు వస్తున్నాయి. గట్టిగా మాట్లాడేవాళ్ళకి ఫరవాలేదు. సన్నగొంతు మనిషి మాట్లాడాలంటే వాల్యూం బాగా పెంచాలి. పెంచితే హారన్లోంచి వచ్చిన శబ్దం రేకులకి కొట్టుకుని తిరిగి మైకులోకి దూరుతుంది. అప్పుడు చెవులు చిల్లులు పడేలా కీచుమంటుంది. దీన్ని ఫీడ్‌బ్యాక్ అంటాం. అది మొదలైతే జనం చెవులు మూసుకుంటారు. ఆ తర్వాత మాట్లాడేది మహాత్ముడైనా వినరు.

కరుణమ్మగారిని రమ్మని కబురు చేశాను. ఆవిడ మర్నాడు బస్సులో వచ్చారు. తెల్లచీర, చేతిలో గొడుగు.

"నన్నెందుకు రమ్మన్నావు నాయనా?" అన్నారు. ఆ మాట వినడానికి నేను ఒకడుగు ముందుకు వెయ్యాల్సి వచ్చింది.

"మీ గొంతు వినాలండి."

"దానికోసమైతే ఎవరూ కబురు చెయ్యరే." నవ్వారు. "నా సంగతి వదిలెయ్యి బాబూ. గట్టిగా చెప్పడం నా వల్ల కాదు."

"గట్టిగా వద్దండి. మైకుకి బెత్తెడు దూరంలో ఉండి, మీ ఇంటి అరుగు మీద పక్కింటావిడతో మాట్లాడినట్టు మాట్లాడండి. తతిమ్మాది నేను చూసుకుంటాను."

ఆ పూటంతా ఇద్దరం కష్టపడ్డాం. స్టేజీ పక్కన కట్టాల్సిన రెండు పెద్ద హారన్లూ తీసేశాను. వాటి బదులు చిన్న హారన్లు గోదాం పొడుగునా జనం తలల మీద వేలాడగట్టి, మైకుకి వీపు పెట్టేట్టు తిప్పాను. ప్రతిధ్వని రాకుండా గోడల వెంట మిల్లువాళ్ళ ఖాళీ గోతాలు వేలాడదీశాను. కరుణమ్మగారు "అ ఆ ఇ ఈ" చదువుతూనే ఉన్నారు. మొదట్లో కీచుమంది. హారను కాస్త తిప్పాను. మళ్ళీ కీచుమంది. ఇంకాస్త తిప్పాను. సాయంత్రమవుతుండగా గోదాం చివర నిలబడి విన్నాను. ఆవిడ ఎక్కడో దూరాన స్టేజీ మీదున్నారు. మాట మాత్రం నా భుజం పక్కనుంచి వస్తోంది. పెద్దపెద్ద నాయకుల గొంతులు ఎన్నో పలికించాను గానీ, అలాంటి పలుకు నా సెట్టులో అంతకు ముందు వినలేదు.

సమావేశం రోజు సర్పంచులు పంచెలు సర్దుకుంటూ వచ్చి కూర్చున్నారు. నరసింహంగారు ముగ్గురికీ సమానంగా టైమిచ్చారు. ముందు శేషగిరిరావుగారు లేచారు. మైకుని పక్కకు నెట్టి, "నాకిది అక్కర్లేదు," అని మొదలుపెట్టారు. గొంతు ఖంగుమంది. తమ తాతగారి కాలం నుంచి చేసిన సాయాలు చెప్పారు. చప్పట్లు గట్టిగానే పడ్డాయి. తర్వాత మోహనరావు మైకు దగ్గర నిలబడి వేసిన రోడ్లు, వెయ్యబోయే రోడ్లు చెప్పాడు. ఆయనకీ చప్పట్లు పడ్డాయి.

కరుణమ్మగారు లేస్తుండగా కరెంటు పోయింది. ఆ రోజుల్లో అది వింతేమీ కాదు. వెనక బల్లల మీద ఎవరో ఇకిలించారు. "టీచరుగారి టైము అయిపోయినట్టే," అన్నారు. నరసింహంగారు నావైపు చూశారు. నా కాళ్ళ దగ్గర కారు బ్యాటరీ సిద్ధంగా ఉంది. బ్యాటరీ లేకుండా సభకి వెళ్ళడం నా అలవాటు కాదు. క్లిప్పులు తగిలించాను. ఆంప్లిఫయరు మీద ఎర్రదీపం వెలిగింది.

"కూర్చోండి నాయనా, నిలబడ్డవాళ్ళు కూడా కూర్చోండి," అన్న మాట గోదాం అంతా ఒక్కసారి వినపడింది. తలలన్నీ పైకి లేచాయి. మనిషి ఎక్కడో ఉంది, మాట చెవి దగ్గరుంది.

"నన్ను సర్పంచుని చేసింది నేను ఏమీ చెయ్యలేనని. మా ఊళ్ళో రెండు వర్గాలకీ అదే ధైర్యం. ఆ వేసవిలోనే రెండు వర్గాల చేతా ఒకే కాలవలో పార పట్టించాను. మాది చివరి ఊరు. మీ అందరి మురుగునీళ్ళూ మా పొలాల్లోంచే సముద్రానికి పోవాలి. మా కాలవ పూడితే ముందు మా నాట్లు కుళ్ళుతాయి. ఆ తర్వాత నీళ్ళు వెనక్కి తంతాయి, మీవి కుళ్ళుతాయి. పోయినేడు ఎవరెవరి మడుల్లో నీళ్ళు నిలబడ్డాయో మీకే తెలుసు."

ముందు వరసలో ఒక పెద్దరైతు లేచాడు. "అంతా బానే ఉంది టీచరుగారూ. ప్రెసిడెంటయితే ముందు మీ ఊరి కాలవే బాగుచేయించుకుంటారు. అంతేగా?"

"మా ఊరిది అయిపోయింది నాయనా. మేమే తవ్వుకున్నాం," అన్నారావిడ. "ఇక పైకి రావాలి. తర్వాతది మీ ఊరే."

గోదాం అంతా నవ్వింది. అడిగిన రైతు కూడా నవ్వి, తలపాగా తీసి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. అక్కడినుంచి అది ఉపన్యాసంలా సాగలేదు. ఒక్కొక్కరే లేచి తమ ఊరి సంగతి అడగడం, ఆవిడ ఊరిపేరు పెట్టి, ఏ మలుపు దగ్గర కాలవ పూడిందో చెప్పడం. ఇచ్చిన టైము అయిపోయినా నరసింహంగారు గంట కొట్టలేదు. మిగిలిన ఇద్దరూ అభ్యంతరం చెప్పలేదు. వాళ్ళూ వింటున్నారు.

చీటీలు లెక్కపెడితే మొదటి విడతలో ఎవరికీ సగానికి మించి రాలేదు. మూడో స్థానంలో వచ్చిన మోహనరావు తప్పుకున్నాడు. రెండో విడతకి ఆయన మనుషులు ఎటు వెళతారోనని మళ్ళీ గుసగుసలు మొదలయ్యాయి. మోహనరావే లేచి, "నా రోడ్లు ఏటా కొట్టుకుపోయేది ఆ మురుగునీళ్ళకే. నేను టీచరుగారి వైపు," అన్నాడు. రెండో లెక్క అయ్యాక నరసింహంగారు కళ్ళజోడు తుడుచుకుని కరుణమ్మగారి పేరు చదివారు.

పేటలోంచి వచ్చినవాళ్ళు మిల్లు బయట ఎండలో నిలబడి ఉన్నారు. ఆ పేరు హారన్లలో వినగానే వాళ్ళలోంచి లేచిన కేకకి రేకులు నిజంగానే అదిరాయి. లోపల పెద్దరైతులు లేచి నిలబడి చప్పట్లు కొడుతున్నారు. కరుణమ్మగారు కొంగుతో మొహం తుడుచుకుని నావైపు తిరిగి చెయ్యెత్తారు. నా చేతులు ఆంప్లిఫయరు మీద ఉన్నాయి కాబట్టి తల వంచాను.

శేషగిరిరావుగారు ఆవిడ దగ్గరికి నడిచి వచ్చారు. "ఇన్నేళ్ళుగా ఒక తాలూకాలో ఉంటున్నాం. మీ మాట నేను వినడం ఇదే మొదలు టీచరుగారూ. మాట ఇచ్చాం కాబట్టి అసలు ఎన్నికలో మావాళ్ళంతా మీకే," అన్నారు. అన్నట్టే నిలబడ్డారు. కరుణమ్మగారు పెద్ద మెజారిటీతో సమితి ప్రెసిడెంటయ్యారు. ఆయన కూతురి పెళ్ళికి మాత్రం మైకు ఇంకెవరో పెట్టారు. కొన్నాళ్ళు బాధపడ్డాను. తర్వాత ఆ గోదాంలో కూర్చున్న సర్పంచులు వరసగా కబురు చెయ్యడంతో బాధపడే తీరిక లేకపోయింది.

సమావేశం మర్నాడు కోటయ్య హోటలుకి వెళితే అందరూ ఇది ముందే అనుకున్నామన్నారు. కోటయ్య ఒక్కడే, "నేననుకోలేదు తమ్ముడూ. నాకు పెసరట్టు తప్ప ఏమీ తెలీదని ఒప్పుకుంటున్నా," అని నా ఆకులో ఇంకో అట్టు వేశాడు.

రెండేళ్ళలో కాలవలు చివరి నుంచి పైదాకా బాగుపడ్డాయి. నాట్ల కాలంలో రైల్లో వెళుతూ కిటికీలోంచి చూస్తే, ఎప్పుడూ నీళ్ళు నిలిచే చోట పచ్చగా చేలు కనిపించేవి.

ఆ రోజు తర్వాత నా పని పద్ధతి మార్చుకున్నాను. సభకి ముందు మాట్లాడబోయే ప్రతి మనిషినీ కాసేపు నా పక్కన కూర్చోబెట్టుకుని మామూలుగా మాట్లాడించేవాణ్ణి. ఆ గొంతుని బట్టే హారన్లు కట్టేవాణ్ణి. అంతకు ముందు గొంతు పెద్దదైతే మనిషి పెద్దవాడని నేనూ అనుకునేవాణ్ణి, మనిషిని వినకుండానే గెలుపోటములు చెప్పేసేవాణ్ణి. ఆ తర్వాత ఎన్ని ఎన్నికలొచ్చాయో, ఎన్ని హోటళ్ళలో నన్నాపి గాలి ఎటుందని అడిగారో. "వాళ్ళింకా మాట్లాడలేదు కదండీ," అని చెప్పి సైకిలెక్కేవాణ్ణి.