లియో పిన్ని గిన్నె మోత

మా లోమా ఆల్తా వాడలో కరెంటు పోయి మళ్ళీ వచ్చిందంటే ఎవరూ ఇంట్లో కూర్చునేవాళ్ళు కాదు. గిన్నో మూకుడో చేతికేది దొరికితే అది పట్టుకుని రోడ్డు మీదికొచ్చి, గరిటెతో దబదబా బాదాల్సిందే. మా ప్యూర్టో రికో కొండల్లో ఎక్కడ చూసినా ఉన్న పిచ్చే ఇది. కింద వాడలో మోత మొదలైందంటే, "వాళ్ళకొచ్చిందర్రా, ఇంక మనకే!" అని మేమిక్కడ స్విచ్చుల కేసి చూసేవాళ్ళం. ఇప్పుడు మాత్రం మా వాలు మీద ఎవరూ గిన్నె ముట్టరు. కొత్తగా దిగినవాళ్ళు మమ్మల్ని చూసి ఏడుపు మొహాలనుకుంటారు. అనుకోనీ, వాళ్ళకి లియో పిన్ని సంగతి ఏం తెలుసని?

ఆవిడ అసలు పేరు లియోకాడియా. మా గుమ్మానికెదురుగా, రోడ్డుకవతల పచ్చరంగు ఇల్లు. నాకు చుట్టమేం కాదు. కానీ నా చిన్నప్పుడు బడి వంటగదిలో మా అందరికీ అన్నం వండి పెట్టిన మనిషి, పిన్ని కాక మరేమవుతుంది? పిల్లలు తగ్గిపోయారని బడి మూసేసినప్పుడు అందరూ తలా ఒక కుర్చీ, తలా ఒక బల్ల మోసుకుపోయారు. పిన్ని మాత్రం అక్కడి పెద్ద సత్తు గిన్నె ఒక్కటీ నెత్తిన పెట్టుకుని ఇంటికొచ్చింది.

"దొంగతనం చేశావా పిన్నీ?" అంటే, "దొంగతనమేంటే మిగ్దాలియా, దీంతో నేను చేసినంత కాపురం మీ బాబాయితో కూడా చెయ్యలేదు. లేవదీసుకొచ్చా!" అంది.

ఆ గిన్నెలో ఆవిడ కందులన్నం వండే తీరు చూడాలి. పొయ్యి మీద పెట్టాక మూత తియ్యదు. చెవి వంచి వింటుంది. నీళ్ళ చప్పుడు ఆగి, అడుగున చిటచిటలు మొదలవగానే మంట తగ్గిస్తుంది. అడుగున మాడు పలచగా, ఎర్రగా, కరకరలాడుతూ వస్తుంది. ఆ మాడు ముక్క కోసం బళ్ళో మేం జుట్టూ జుట్టూ పట్టుకునేవాళ్ళం. "కళ్ళు ఎవరికైనా ఉంటాయే, వంటకి చెవులుండాలి" అని గొప్పలు పోయేది. పాముచెవులు ఆవిడవి. మా ఇంట్లో నేనూ మా ఆయనా గుసగుసగా తిట్టుకున్నా, తెల్లారి నన్నాపి, "పాపం, అంత మాట అనకే అతన్ని" అనేది.

ఆవిడ మొగుడు ఉబాల్దో బాబాయి. జీవితమంతా సిమెంటు దుమ్ములో పనిచేసి, ఆఖరికి ఊపిరితిత్తులు పోగొట్టుకున్నాడు. మంచం పక్కన ఒక మిషను, దాన్నుంచి ముక్కుకో గొట్టం. గాలిలోంచి ఆక్సిజన్ పట్టి ఇస్తుంది. కరెంటు ఉన్నంతసేపే దాని దయ. కరెంటు పోతే కీచుకీచుమని కూస్తుంది. అప్పుడెవరో ఒకరు గొట్టం ఊడదీసి, మూలనున్న సిలిండరుకి తగిలించి, దాని మర తిప్పాలి. బాబాయి వేళ్ళు వంకర్లు పోయాయి, మర తిప్పే బలం లేదు. అంచేత ఆ కూత వినాల్సిన చెవి ఒక్కటే, పిన్నిది.

సెప్టెంబరులో ఆ తుపాను వచ్చింది. దాని పేరు నా నోటితో పలకను. మా పైకప్పు రేకులు లేచి ఎవరి తోటలో పడ్డాయో నేటికీ తెలీదు. తెల్లారి చూస్తే కొండ గోధుమ రంగు. ఒక్క చెట్టుకి ఆకు లేదు. కరెంటు స్తంభాలు రోడ్డుకడ్డంగా బోర్లా పడి ఉన్నాయి, తీగలు వాగులోకి వేలాడుతున్నాయి. "ఇంక క్రిస్మస్‌కే" అన్నాడు మా పక్కింటి చాగో. అందరం వాణ్ణి నోరు ముయ్యమన్నాం. క్రిస్మస్ వచ్చింది, పోయింది. కొవ్వొత్తి పెట్టుకుని అరిటాకుల్లో పిండీ మాంసం చుట్టి, పస్తేలెస్ ఉడకేసుకుని తిన్నాం. కరెంటు మాత్రం రాలేదు.

పిన్ని పెరట్లో ఒక జనరేటరు దిగింది. చర్చి వాళ్ళు ఇప్పించారు. కిటికీలోంచి ఒక వైరు లోపలికి లాగి మిషనుకి పెట్టారు. ఇంట్లో లైట్లకి లేదు, ఫ్యానుకి లేదు, బాబాయి ఊపిరికి మాత్రమే. పెట్రోలు మాత్రం కొండ దిగి వరసలో నిలబడి తేవాలి. వాడలో వంతులు వేసుకున్నాం. ఎవరి వంతు తప్పినా చాగో తప్పేవాడు కాదు, కాకపోతే తిట్టని రోజూ లేదు.

"పిన్నీ, నీ జనరేటరుకి జ్వరమొచ్చి పడుకోదేం? నిద్రలేక నా పెళ్ళాం మొహం నాకు రెండుగా కనపడుతోంది!"

"ఒక్క పెళ్ళాన్నే పోషించలేవు, రెండో ఆవిడని పంపెయ్యరా" అనేది పిన్ని, డబ్బా అందుకుంటూ.

నిజంగానే దాని మోత భరించలేకపోయేవాళ్ళం. పగలూ రాత్రీ దడదడదడ. మాకది నరకం, పిన్నికదే జోలపాట. అది మోగుతున్నంతసేపే ఆవిడకి నిద్ర. దాని గొంతు కాస్త మారితే చాలు లేచి కూర్చునేది. పెట్రోలైపోయి అది ఆగిందా, మిషను రెండోసారి కూసేలోపల గొట్టం సిలిండరుకి మారిపోయి ఉండేది. అన్ని నెలల్లో ఒక్కసారి కూడా తప్పలేదు. మనిషి మాత్రం చిక్కి సగమైపోయింది. నేను పోయి, "కాసేపు మా ఇంట్లో పడుకో పిన్నీ, నేను కూర్చుంటా" అంటే, "నీ చెవులు నాకు తెలుసులే, పిడుగు పడ్డా లేవవు" అని కొట్టిపారేసేది. ఒళ్ళు మండేది నాకు. కానీ అన్నది అబద్ధం కాదు.

బాబాయికి మాట్లాడాలంటే ఆయాసం. అయినా వేళాకోళం మానలేదు. "ముందు గిన్నెని కట్టుకుంది... ఇప్పుడు జనరేటర్ని... నా వంతెప్పుడొస్తుందో" అనేవాడు, మాట మాటకీ ఆగి. ఆయనకున్న కోరిక ఒక్కటే, ఆ మోత ఆగాలి. "కోకీ కప్పలు ఎలా అరుస్తాయో మర్చిపోయానమ్మా" అన్నాడొకసారి నాతో. మా కొండల్లో చీకటి పడితే బొటనవేలంత లేని ఆ కప్పల పాటే. జనరేటరు దాన్ని కూడా మింగేసింది. పొద్దున్నే అడిగే మొదటి ప్రశ్న, "కింద వాడకొచ్చిందా?"

ఫిబ్రవరిలో వచ్చింది. మిట్టమధ్యాహ్నం. నేను పిన్ని వాకిట్లో పచ్చి అరటికాయలు ఒలుస్తున్నాను. నెత్తి మీద వరండా బల్బు వెలిగింది. ఆ ఎండలో అది వెలుగుతోందని నాకు వెంటనే తట్టలేదు, రోడ్డుకవతల నుంచి చాగో పెళ్ళాం నెరెయిదా, "వచ్చేసిందీ!" అని కేక పెట్టాక తలెత్తి చూశాను. పిన్నీ నేనూ లోపలికి పరుగెత్తాం. మిషను వైరు జనరేటరు నుంచి తీసి గోడ ప్లగ్గులో పెట్టింది పిన్ని. చక్కగా తిరిగింది.

"ఇంకా ఆపలేదే... ఆ దయ్యాన్ని?" అన్నాడు బాబాయి.

"కాసేపుండనీ. మొదటిసారొచ్చిన కరెంటు నిలుస్తుందా? జనమంతా ఒక్కసారే అన్నీ వేసేస్తారు, ఢామ్మంటుంది."

"ఆపవే. ఒక్క ఘడియ... చెవులకి చల్లగా ఉండనీ."

బల్బు కేసి చూసింది, మిషను కేసి చూసింది. పెరట్లోకి పోయి జనరేటరు ఆపింది. అబ్బ, ఆ నిశ్శబ్దం! నాకు ఏడుపొచ్చింది. బాబాయి కళ్ళు మూసుకుని నవ్వాడు. అప్పటికే రోడ్డు మీద మోత మొదలైంది. చాగో వాళ్ళ లారీ హారను, కేకలు, గిన్నెలు. కింద వాడ వాళ్ళు కూడా అందుకున్నారు.

"వెళ్ళవే నువ్వూ" అన్నాడు బాబాయి.

"నేనెక్కడికీ కదల్ను."

"ఐదు నెలలు... నా కాళ్ళ దగ్గర కూర్చున్నావు. పో. నీ గిన్నె మోత... నాకిక్కడికి వినపడాలి. అందరికన్నా గట్టిగా."

పిన్ని ఆయన దుప్పటి సర్దింది, గొట్టం సరిచూసింది. వంటింట్లోకి పోయి ఆ బడి గిన్నె తీసుకుంది.

ఆ రోజు పిన్నిని చూసినవాళ్ళెవరూ మర్చిపోలేరు. ఆవిడకి నవ్వడం వచ్చని అప్పటికి మేం మర్చిపోయాం. గిన్నె బోర్లించి చంకలో ఇరికించుకుని, ఇనుప గరిటెతో వాయించింది చూడండీ, చర్చి గంటలా మోగింది. వాళ్ళ కిటికీ వైపే తిరిగి వాయించింది. "వినపడుతోందా, ముసలాడా!" అని అరిచింది. చాగో ఆవిడ ముందు మోకాళ్ళ మీద కూర్చుని నాట్యం చేస్తున్నట్టు చేతులు తిప్పాడు. అందరం పడీ పడీ నవ్వాం. పిల్లలు, ముసలాళ్ళు, కుక్కలు, అందరూ రోడ్డు మీదే ఉన్నాం. ఇంట్లో ఎవరున్నారని చూడటానికి? పట్టపగలు వెలిగే బల్బు ఎవరికి కనపడుతుంది, ఆరితే ఎవరికి తెలుస్తుంది?

నెరెయిదా చల్లటి నీళ్ళు తెస్తానని లోపలికెళ్ళి, మళ్ళీ గుమ్మంలోకొచ్చింది. చేతిలో చెంబు లేదు. "ఏమే మిగ్దా, మీ ఇంట్లో ఫ్యాను తిరుగుతోందా? మాది ఆగిపోయింది. ఎప్పుడాగిందో ఏమో!"

ఆ మాట అంత గోలలోనూ పిన్ని చెవిన పడింది. గిన్నె చేతిలోంచి జారి రోడ్డు మీద దొర్లుకుంటూ పోయింది. ఆవిడ పరుగెత్తుతుంటే నేనూ వెనకాలే పరుగెత్తాను. అందరూ గిన్నెలు దించేశారు, అప్పుడు, అప్పుడు వినపడింది నాకు. కీచు, కీచు, కీచు.

బాబాయి తల కిటికీ వైపు తిరిగి ఉంది. ఒక చెయ్యి సిలిండరు మర మీద ఉంది. మర తిరగలేదు. పిన్ని గొట్టం మార్చింది, మర తిప్పింది, ఆయన రొమ్ము నొక్కింది, చెంపలు కొట్టింది. "ఉబాల్దో, ఇదిగో వచ్చా, ఇదిగో" అంటూనే ఉంది. చాగో పరుగున పోయి జనరేటరు వేశాడు. దేనికి వేశాడో వాడికే తెలియాలి. అది మళ్ళీ దడదడమంటుంటే వాడు దాని పక్కన కూలబడి భోరుమన్నాడు.

మర్నాడు సాయంత్రం ఆయన్ని హాల్లో పడుకోబెట్టి, కొవ్వొత్తుల మధ్య జపమాల చదువుతున్నాం. మధ్యలో లైట్లన్నీ ఒక్కసారి వెలిగాయి. ఈసారి నిలిచే కరెంటే, ఇప్పటికీ అదే నడుస్తోంది. ఒక్కరూ గిన్నె ముట్టలేదు. కింద వాడలో మాత్రం మోత లేచింది, వాళ్ళకేం తెలుసు పాపం. ఇంతలో పడగ్గదిలోంచి బుస్సుమని చప్పుడు. మిషను! దాని స్విచ్చు ఎవరూ ఆపలేదు. ఖాళీ మంచం పక్కన అది తన మానాన అది ఊపిరి పోస్తోంది. పిన్ని లేచి లోపలికెళ్ళింది. ఆపుతుందనుకున్నాం. ఎంతకీ ఆగలేదు. నేను తొంగి చూస్తే, గొట్టం కొస అరచేతిలో పెట్టుకుని కూర్చుని ఉంది. వచ్చే గాలిని అలా పట్టుకుని ఉంది. తర్వాత ఆవిడే లేచి దాన్ని ఆపి, హాల్లో లైట్లు కూడా ఆర్పేసి, "చదవండమ్మా" అంది.

ఆ తర్వాత పిన్ని అన్నం వండటం మానేసింది. నేను తెచ్చి పెడితే రెండు మెతుకులు తినేది. "ఆయన పొమ్మంటేనే కదా పిన్నీ వెళ్ళావు" అని నేను నెత్తీ నోరూ బాదుకున్నా వినలేదు. నాకు మాత్రం ఎవరి మీద కోపమో తెలియని కోపం. ఐదు నెలలు మమ్మల్ని చీకట్లో వదిలేసిన కరెంటు వాళ్ళ మీదా, నిలవని ఆ కరెంటు మీదా, గంతులేసిన మా అందరి మీదా.

వానాకాలంలో ఒకరోజు మధ్యాహ్నం ఆ సత్తు గిన్నె పట్టుకుని మా గుమ్మంలో నిలబడింది. దానికి రోడ్డు మీద పడినప్పటి సొట్ట అలాగే ఉంది.

"మిగ్దా, ఇది పట్టుకుని నేనారోజు నిలబడ్డ చోట నిలబడు. నేను లోపల పడుకుంటా. నాలా గట్టిగా వాయించు."

"నీకేమైనా మతి పోయిందా పిన్నీ?"

"మిషను కూత రోడ్డు మీదికి వస్తుందో లేదో ముందే చూశాను. నిన్న చాగోని లోపల కూర్చోబెట్టి, మిషను కూయించి, నేను బయట నిలబడ్డా. వస్తుంది. ఎవరూ ఏదీ మోగించకపోతే శుభ్రంగా వినిపిస్తుంది." ఆవిడ మొహంలో ఏడుపు లేదు. "ఇంక రెండోది చూడాలి."

వెళ్ళి రోడ్డు మీద నిలబడి వాయించాను. ఏడుస్తూనే వాయించాను. ఇళ్ళల్లోంచి తలలు బయటికొచ్చాయి. చెయ్యి లాగేసేదాకా వాయించాక పిన్ని బయటికొచ్చింది. బాబాయి తలగడ అచ్చు ఆవిడ చెంప మీద ఉంది.

"వినపడిందా పిన్నీ?"

"ఊఁ. బాగా వినపడింది" అంది. "ఆయన మర తిప్పలేక నన్ను పిలిచి ఉంటాడే. నేనింకా గట్టిగా వాయించాను."

గిన్నె నా చేతిలోనే వదిలేసి లోపలికెళ్ళిపోయింది. అది ఇప్పటికీ మా ఇంట్లోనే ఉంది.