ఎర్ర బంపర్ మీద రెండు గీతలు: గుడివాడ నుంచి దివిసీమ దాకా

గుడివాడ నుంచి ఒక్కదాన్నే కారు నడుపుకుంటూ దివిసీమ వెళ్ళి రావాలని నేను పట్టుబట్టడానికి కారణం మా ఆయన కళ్ళు. చూపు మందగించాక ఆయన స్టీరింగ్ ముట్టుకోవడం మానేశారు. విజయవాడ కంటి ఆసుపత్రికి వెళ్ళాల్సి వచ్చినప్పుడల్లా డ్రైవర్ని పిలుస్తున్నాం. యాభై దాటాక నేను లైసెన్సు తెచ్చుకుంటే సంతోషించారు గానీ, నా పక్క సీట్లో కూర్చోవడానికి మాత్రం ధైర్యం చేయలేదు. "ముందు ఒక్కదానివే దూరం వెళ్ళిరా సుధా. కారు మీద గీత పడకుండా తెస్తే వచ్చే వారం ఆసుపత్రికి నువ్వే తీసుకెళ్దువుగాని. గీత పడిందా, ఇక డ్రైవరే," అన్నారు. నాకు ఒళ్ళు మండింది. కృష్ణ సముద్రంలో కలిసే చోటైన హంసలదీవి దాకా వెళ్ళి వస్తానని చెప్పేశాను.

ఉదయం ఆరింటికి బయలుదేరి, పెడన మీదుగా బందరు చేరేసరికి ఏడు దాటింది. ఇడ్లీ తిని చల్లపల్లి, మోపిదేవి మీదుగా అవనిగడ్డ చేరాను. రోడ్డు బాగుంది, నా చెయ్యీ బాగుంది. అసలు కథ కోడూరు దారిలో మొదలైంది. కోతల రోజులు కావడంతో రోడ్డుకు ఎడమ సగమంతా ధాన్యం ఆరబోశారు. బళ్ళు ఎక్కకుండా అంచున వరసగా రాళ్ళు పెట్టారు. ఎదురుగా గడ్డి లోడుతో ట్రాక్టర్ వచ్చింది. నాకున్నవి రెండే దారులు, ధాన్యం మీదికి ఎక్కించడమో, రాళ్ళకు ఆనుకుని పోవడమో. తినే గింజ మీద టైరు పెట్టడానికి మనసొప్పలేదు. రాళ్ళ వైపే ఉన్నాను. బర్రుమని చప్పుడైంది.

ధాన్యం తిరగేస్తున్న పెద్దావిడ కర్ర పట్టుకునే వచ్చి బంపర్ చూసింది. "ధాన్యం మీంచి పోనిస్తే ఏమవుద్దమ్మా? ట్రాక్టర్లు రోజూ తొక్కుతానే ఉన్నాయి," అంది.

"ఎలా తొక్కిస్తామండీ, అన్నం కదా?"

"బాగానే ఉంది నీ భక్తి. నాకు గింజ పోలేదు, నీకు కారు పోయింది," అని నవ్వింది. ఏడుపు ముంచుకొస్తున్నా నాకూ నవ్వొచ్చింది. ఆవిడే బిందెతో నీళ్ళు తెచ్చి బంపర్ మీద పోసింది. ఎర్ర రంగు మీద అరచేతి వెడల్పున తెల్లటి మరకలు, వాటి మధ్య రెండు గీతలు. గీతల్లో లోపలి నల్ల ప్లాస్టిక్ కనిపిస్తోంది. హంసలదీవి అక్కడికి ఎంతో దూరం లేదు. అయినా కారు వెనక్కి తిప్పాను. చీకటి పడేలోగా దీన్ని నేనే బాగుచేసి, నేనే నడుపుకుంటూ ఇంటికి వెళ్ళాలని ఆ క్షణమే నిర్ణయించుకున్నాను.

బందరులో కార్ల రంగులమ్మే దుకాణాయన బంపర్ చూసి పెదవి విరిచారు. "రెండు రోజులు వదిలేసి వెళ్ళండి మేడమ్. మొత్తం బంపర్‌కి రంగేయిస్తాను. బస్సెక్కి వెళ్ళిపోండి."

"బస్సెక్కను. సామాను ఇవ్వండి, నేనే వేసుకుంటాను."

ఆయన నన్ను ఎగాదిగా చూశారు గానీ, కారు మీదున్న రంగు కోడ్ ప్రకారం ఎరుపు కలిపి స్ప్రే డబ్బాలో పట్టి ఇచ్చారు. రబ్బింగ్ కాంపౌండ్, తడిపి రుద్దే సన్న గరుకు కాగితం వాటర్ పేపర్, ప్లాస్టిక్‌కి రంగుకు ముందు వేసే ప్రైమర్, చివర మెరుపు కోసం పైపూత, టేపు అన్నీ కలిపి రెండు వేల లోపే అయ్యాయి. దుకాణం వెనక రేకుల షెడ్డులో కారు పెట్టుకోనిచ్చారు.

సబ్బు నీళ్ళతో కడిగి, కాంపౌండ్‌తో రుద్దితే తెల్లటి మరకలు చాలావరకు పోయాయి. అవి రాళ్ళ సున్నం అంటినవే తప్ప కారు రంగు ఊడినవి కావు. మిగిలిన రెండు గీతలనూ తడి వాటర్ పేపర్‌తో, అంచు వేలికి తగలకుండా పోయేదాకా అరగదీశాను. ఆరాక చుట్టూ టేపు, పాత పేపరు అంటించి పల్చగా ప్రైమర్ కొట్టాను. అక్కడిదాకా బాగానే ఉంది. ఎరుపు దగ్గరకొచ్చేసరికి తొందరపడి డబ్బాను మరీ దగ్గరగా పెట్టి కొట్టాను. రంగు ధారగా కారింది.

"చెప్పాను కదండీ," అన్నారు దుకాణాయన.

"చెప్పారు. ఇంకో వాటర్ పేపర్ ఇవ్వండి."

కారిన రంగు ఆరేదాకా ఆగి, మళ్ళీ అరగదీసి, ఈసారి జానెడు దూరం నుంచి పొరమీద పొర పల్చగా వేశాను. సముద్రపు తేమకు ఏ పొరా ఒక పట్టాన ఆరలేదు. పైపూత వేసి, ముట్టుకోవాలని దురద పెడుతున్న చేతుల్ని కట్టుకుని కూర్చున్నాను. సాయంత్రం అయిదింటికి బయలుదేరి నెమ్మదిగా ఇల్లు చేరాను.

మా ఆయన గేటు దగ్గరే నిలబడి ఉన్నారు. అడగకముందే చెప్పేశాను, గీతలు పడ్డాయని, ఎలా పడ్డాయో, ఏం చేశానో. ఆయన వంగి బంపర్ మీద మెల్లగా చెయ్యి పోనిచ్చారు. ఆ మసక వెలుతురులో ఆయనకు కనిపించేది చేతితోనే.

"ఎక్కడ?"

"మీ వేళ్ళ కిందే."

మళ్ళీ తడిమారు. "డ్రైవర్‌కి ఫోన్ చెయ్యి," అన్నారు. తల వంచుకుని ఫోన్ తీశాను. "వచ్చే వారం రానక్కర్లేదని చెప్పు."

పగటి వెలుగులో చూస్తే ఆ చోట ఎరుపు ఒక పిసరు ముదురుగానే ఉంది. కళ్ళు బాగున్నవాళ్ళకు తెలుస్తుంది, తెలిస్తే తెలిసింది. నది సముద్రంలో కలవడం నేను చూడలేకపోయాను. కానీ వచ్చే వారం నా పక్క సీటు ఖాళీగా ఉండదు, ఆ సంతోషం నాకు చాలు. ఈ దారిలో కారులో వెళ్ళాలనుకునేవాళ్ళకు ఒక్క సలహా. మీ కారు రంగు కోడ్ డోరు పక్కనో బానెట్ కిందో చిన్న స్టిక్కర్ మీద ఉంటుంది, బయలుదేరే ముందే దాన్ని ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి.